కీ తిప్పితే బండి ఏమంటోంది?



సార్వా దమ్ములు మొదలయ్యే రోజుల్లో ట్రాక్టరుకు ఎంత గిరాకీయో మీకు చెప్పక్కర్లేదు. కాలువ నీరు చేలోకి ఎక్కింది. నారు ముదురుతోంది. కూలీలు గట్టు మీద నిలబడ్డారు. డ్రైవరు సీటెక్కి కీ తిప్పాడు, బండి లేవలేదు. ఇక సలహాలు మొదలవుతాయి. ఒకరు బ్యాటరీ పోయిందంటారు, ఇంకొకరు సెల్ఫ్ కాలిందంటారు. మరొకాయన పదిమందిని పిలిచి తోయించమంటాడు. సాయంత్రానికి కొత్త బ్యాటరీ వస్తుంది, వేలల్లో ఖర్చవుతుంది. వారం తిరిగేసరికి బండి మళ్లీ మొదటికొస్తుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. సామాను మార్చే ముందు, కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చూడండి. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. చెవులు, కళ్లు, మూడు నాలుగు వందల రూపాయలకు దొరికే చిన్న మీటరు, ఒక టెస్ట్ లాంపు ఉంటే చాలు. మన యానాం ఫరంపేటలో దమ్ము ట్రాక్టరుకైనా, అమెరికాలో మన పిల్లలు కూర్చుని నడిపే పచ్చికకోత బండికైనా ఈ పద్ధతి ఒకటే. రెండింటిలోనూ ఉన్నది 12 వోల్టుల బ్యాటరీయే, సెల్ఫ్ మోటారే.

ముందు బండి ఎలా లేస్తుందో చూద్దాం. కీ తిప్పినప్పుడు రెండు దారుల్లో కరెంటు నడుస్తుంది. ఒకటి సన్నదారి. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి కీ స్విచ్చి, అక్కణ్నుంచి క్లచ్ దగ్గరో గేరు దగ్గరో ఉండే సేఫ్టీ స్విచ్చి, చివరికి సెల్ఫ్ నెత్తిన కూర్చున్న సొలినాయిడ్. ఈ దారిలో నడిచే కరెంటు తక్కువ. రెండోది లావుదారి. బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు కేబులు నేరుగా సొలినాయిడ్ బోల్టుకు వస్తుంది. సన్నదారి కరెంటు అందగానే సొలినాయిడ్ లోపలి ఇనుప కడ్డీ వెనక్కి లాక్కుని రెండు రాగి బొడిపెలను కలుపుతుంది. అప్పుడు లావుదారి తెరుచుకుని సెల్ఫ్ తిరుగుతుంది. సెల్ఫ్‌ను తిప్పిన కరెంటు ఇంజిన్ బాడీ మీదుగా, ఎర్త్ పట్టీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు చేరాలి. ఈ తిరుగుదారిని చాలామంది మరిచిపోతారు. చాలా తకరార్లు అక్కడే దాక్కుంటాయి.

ఒక చిన్న లెక్క చూడండి. 55 వాట్ల హెడ్‌లైటుకు కావలసింది 5 ఆంపియర్ల లోపే. ట్రాక్టరు సెల్ఫ్ మాత్రం వందల ఆంపియర్లు లాగుతుంది. అందుకే, లైటు వెలుగుతోంది కాబట్టి బ్యాటరీ, కనెక్షన్లు బాగున్నట్టే అనుకోవడం పొరపాటు. టెర్మినల్ మీద చిలుము పేరుకుని ఓమ్‌లో నూరోవంతు అడ్డం వచ్చిందనుకోండి. 200 ఆంపియర్లు నడిచేటప్పుడు అక్కడే 2 వోల్టులు పోతాయి. లైటు దగ్గర ఆ నష్టం కంటికి కూడా కనబడదు. పెదకాలువ నిండుగా పారుతున్నా తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడితే కుండ నింపుకోడానికి నీళ్లొస్తాయి గాని, చేను తడవదు. ఇదీ అంతే.

ఈ సెల్ఫ్, బ్యాటరీ ఎక్కణ్నుంచి వచ్చాయో కూడా కాస్త చెప్పుకుందాం. సెల్ఫ్ రాకముందు ఇంజిన్ ముందువైపు హ్యాండిల్ దూర్చి చేత్తో తిప్పేవారు. ఇంజిన్ ఎదురుతంతే మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్‌ను 1912 నాటి కాడిలాక్ కార్లకు బిగించారు. బ్యాటరీ అంతకన్నా పాతది. సీసపు పలకలు, గంధకామ్లం కలిపి తిరిగి చార్జి చేసుకోగల బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే చేశాడు. అప్పటికి మన యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉంది. 1954లో ఫ్రెంచి పాలన యానాం వదిలి వెళ్లింది గాని, ఆ ఫ్రెంచాయన బ్యాటరీ మన బండ్లను వదల్లేదు. ఇప్పుడు అదే జాతి బ్యాటరీలు తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారై దేశమంతా వెళుతున్నాయి.

మన ప్రాంతంలో ఈ తకరార్లు ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. మనది గౌతమి ఒడ్డు, సముద్రం దగ్గర. ఉప్పుగాలి రాగినీ ఇనుమునూ తినేస్తుంది. దమ్ము చేసేటప్పుడు బురదనీళ్లు సెల్ఫ్ దాకా ఎగజిమ్ముతాయి. సెల్ఫ్ ఉండేది ఇంజిన్ పక్కన కింది భాగంలోనే కదా. షెడ్డులో పెట్టిన బండిలో ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. దాళ్వా కోతలు అయ్యాక సార్వా దాకా బండి కదలకపోతే బ్యాటరీ తనంతట తానే డౌన్ అవుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ దిగుడు ఇంకా వేగం. డౌనైన బ్యాటరీని అలాగే నెలల తరబడి వదిలేస్తే పలకల మీద తెల్లటి సల్ఫేటు గడ్డకడుతుంది. ఆ తరవాత ఎంత చార్జి పెట్టినా అది మునుపటి సత్తువకు రాదు.

ఇప్పుడు అసలు విషయం. కీ తిప్పినప్పుడు బండి ఏమంటోందో చెవి పెట్టి వినండి. ముందు హెడ్‌లైట్లు వేసి, ఆ తరవాత కీ తిప్పండి. శబ్దమూ వెలుగూ రెండూ కలిపి చూస్తే సగం జబ్బు తెలిసిపోతుంది.

మొదటి రకం: ఏ శబ్దమూ లేదు, లైట్లు మాత్రం అలాగే ధగధగలాడుతున్నాయి. అంటే బ్యాటరీ దగ్గర కరెంటు ఉంది, సన్నదారి ఎక్కడో తెగింది. ముందు గేరు న్యూట్రల్‌లో ఉందా, క్లచ్ పూర్తిగా తొక్కారా చూడండి. చాలా బండ్లలో ఇవి లేకపోతే సెల్ఫ్ పలకదు. అది జబ్బు కాదు, కాపలా. తరవాత ఫ్యూజు చూడండి. ఆపైన కీ స్విచ్చి వెనక వైర్లు, సేఫ్టీ స్విచ్చి వైరు, సొలినాయిడ్ మీద సన్నవైరు బిగించే కొక్కెం చూడండి. టెస్ట్ లాంపు ఒక కొస ఇంజిన్ బాడీకి పెట్టి, రెండో కొస ఆ సన్నవైరుకు ఆనించి, పక్కనున్న మనిషిని కీ తిప్పమనండి. లాంపు వెలిగితే కరెంటు సొలినాయిడ్ దాకా వచ్చింది, తప్పు సొలినాయిడ్‌దో దాని ఎర్త్‌దో. వెలగకపోతే వెనక్కి, కీ స్విచ్చి వైపు ఒక్కో జాయింటూ చూసుకుంటూ నడవండి. లాంపు వెలిగిన చోటికీ వెలగని చోటికీ మధ్యనే తెగుడు ఉంటుంది.

రెండో రకం: కీ తిప్పగానే లైట్లు ఒక్కసారిగా పూర్తిగా ఆరిపోయాయి. కీ వదిలితే ఒక్కోసారి మళ్లీ వస్తాయి. ఇది దాదాపుగా టెర్మినల్ వదులే. బ్యాటరీ బొడిపె మీద క్లాంపు చేత్తో కదిపితే కదిలిందంటే చాలు, మీ దొంగ దొరికాడు. కొత్త బ్యాటరీ కొనాల్సిన పని లేదు.

మూడో రకం: టకటకటకా గబగబా కొట్టుకుంటుంది, లైట్లు మిణుకుమిణుకుమంటాయి. ఇది బాగా తరచుగా వినబడే శబ్దం. సొలినాయిడ్ లాగుతుంది, సెల్ఫ్ ఒక్కసారిగా కరెంటు అడుగుతుంది, బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోతుంది. పడగానే సొలినాయిడ్ వదిలేస్తుంది. వదిలితే వోల్టేజి లేస్తుంది, మళ్లీ లాగుతుంది. అదీ ఆ టకటక. బ్యాటరీ డౌన్ అయి ఉండవచ్చు, లేదా టెర్మినల్ దగ్గరో ఎర్త్ పట్టీ దగ్గరో అడ్డం ఉండవచ్చు. ముందు టెర్మినళ్లు శుభ్రం చేసి, తరవాత బ్యాటరీని అనుమానించండి. ఈ వరస తప్పకండి.

నాలుగో రకం: ఒక్కటే టిక్. గట్టిగా ఒకసారి అని ఊరుకుంటుంది. లైట్లు పెద్దగా తగ్గకపోతే సొలినాయిడ్ లోపలి రాగి బొడిపెలు కాలిపోయి కలవడం లేదు, లేదా సెల్ఫ్‌లో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అప్పుడు సెల్ఫ్ మీద స్పానరుతో నెమ్మదిగా తడితే బండి ఒక్కోసారి లేస్తుంది. లేచింది కదా అని సంబరపడకండి. బ్రష్‌లు అయిపోయాయని అది చెబుతోంది. ఆ పూట పని చూసుకుని మర్నాడే ఊడదీయించండి. టిక్ అన్నప్పుడు లైట్లు బాగా మసకబారితే వేరే సంగతి. కరెంటు వెళుతోంది గాని సెల్ఫ్ తిరగలేకపోతోంది. బుష్‌లు అరిగి, సెల్ఫ్ లోపల తిరిగే ఆర్మేచర్ రాసుకుంటోందేమో, ఇంజినే పట్టేసిందేమో చూడాలి.

ఐదో రకం: మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ నీరసం, వేడెక్కిన కేబులు, చెడ్డ ఎర్త్, ఈ మూడింటిలో ఒకటి. రెండు మూడుసార్లు కీ తిప్పి కేబుళ్లనూ జాయింట్లనూ చేత్తో తాకండి. ఎక్కడ వేడిగా తగిలితే అక్కడ కరెంటు వృథా అవుతోంది.

ఆరో రకం: సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం కదలదు. సెల్ఫ్‌ను ఇంజిన్‌కు కలిపే బెండెక్స్ పన్ను ముందుకు రాలేదు, లేదా ఫ్లైవీల్ పళ్లు అరిగాయి. ఇక్కడ కరెంటు తప్పేమీ లేదు, ఇది మెకానిక్ పని.

ఏడోది కూడా చెప్పాలి. ఇంజిన్ చక్కగా, జోరుగా తిరుగుతుంది గాని అంటుకోదు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు ఉండదు, నిప్పురవ్వ ఉండదు. సెల్ఫ్ చక్కగానే తిప్పుతోంది కాబట్టి ఇది కరెంటు గొడవ కాదు, డీజిల్ గొడవ. ఇంజిన్ ఆపే స్టాప్ నాబ్ లాగినట్టే ఉండిపోయిందేమో, డీజిల్ లైన్లో గాలి చేరిందేమో చూసుకోండి. ఊరికే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపకండి. ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు. మధ్యలో అర నిమిషం అయినా ఆగండి, లేకపోతే సెల్ఫ్ లోపల కాలుతుంది.

ఇక మీటరు. రాత్రంతా ఊరకే ఉన్న బ్యాటరీకి పెట్టి చూస్తే 12.6 వోల్టులు చూపాలి. 12.2 చూపితే సగమే ఉంది. 12 కిందికి పోతే చార్జి పెట్టక తప్పదు. తరవాత సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడండి. బండి స్టార్ట్ కాకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచి, పక్క మనిషిని కీ తిప్పమనండి. 9.6 కంటె కిందికి పడిపోతే బ్యాటరీకి సత్తువ లేదు, లేదా సెల్ఫ్ అతిగా లాగుతోంది. బ్యాటరీ దగ్గర పదికి పైన నిలబడి ఉండి కూడా సెల్ఫ్ మూలుగుతుంటే నష్టం కేబుళ్లలో ఉంది. అప్పుడు ఎర్రకొస బ్యాటరీ పాజిటివ్ బొడిపెకు, అంటే క్లాంపుకు కాదు, సీసం బొడిపెకే పెట్టండి. నల్లకొస సెల్ఫ్ మీది లావుబోల్టుకు పెట్టండి. కీ తిప్పినప్పుడు అర వోల్టు కంటె ఎక్కువ చూపితే ఆ దారిలోనే చిలుము ఉంది. అలాగే నెగటివ్ బొడిపెకూ ఇంజిన్ బాడీకీ మధ్య చూడండి. అక్కడ ఇంకా తక్కువ ఉండాలి. బండికి కొత్తగా రంగు వేయించాక స్టార్టింగ్ తకరారు మొదలైందా? ఎర్త్ పట్టీ బోల్టు కింద రంగు ఉండిపోయిందేమో గీకి చూడండి.

బండి స్టార్ట్ అయ్యాక కూడా మీటరు పెట్టండి. ఇంజిన్ స్పీడు పెంచితే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య చూపాలి. బ్యాటరీ వోల్టేజి మీదే ఉండిపోతే ఆల్టర్నేటరు చార్జి చేయడం లేదు. ఫ్యాన్ బెల్టు వదులైందేమో ముందు చూడండి. కొత్త బ్యాటరీ వేసిన వారానికే డౌన్ అయితే తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. 15 దాటి చూపితే అది అతిచార్జి. బ్యాటరీలో నీళ్లు వాయువులుగా మారి తగ్గిపోతాయి.

టెర్మినళ్లు శుభ్రం చేయడానికీ ఓ వరస ఉంది. ఊడదీసేటప్పుడు ముందు నెగటివ్, తరవాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగటివ్. ఇలా చేస్తే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా షార్టు కాదు. వేడినీళ్లలో వంటసోడా కలిపి పోస్తే తెల్లటి, పచ్చటి చిలుము నురుగు కట్టి కరుగుతుంది. ఆ నీళ్లు సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉంచండి. తరవాత గరుకు కాగితంతో బొడిపెనూ క్లాంపు లోపలి వైపునూ మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయండి. ముందే పూసి బిగించడం కాదు, బిగించాక పైన పూయడం. మన ఉప్పుగాలికి ఇది నెలకోసారి చేసుకోవలసిన పని.

నీళ్లు పోసే బ్యాటరీ అయితే పలకలు ఎప్పుడూ మునిగి ఉండాలి. డిస్టిల్డ్ వాటరే పోయండి. మన బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, అది పలకలను తినేస్తుంది. నీరు తగ్గిందని యాసిడ్ పోయడం అంతకంటె తప్పు. ఆవిరయ్యేది నీరే, యాసిడ్ కాదు.

ఇక ప్రాణాల సంగతి. సేఫ్టీ స్విచ్చి చెడిందని దాన్ని తప్పించి వైరు కలిపేయడం, కింద నిలబడి సొలినాయిడ్ బోల్టుల మీద స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి స్టార్ట్ చేయడం చాలాచోట్ల చూస్తున్నాం. బండి గేరులో ఉంటే ఒక్క ఉదుటున ముందుకు దూకుతుంది. నిలబడ్డ మనిషి సరిగ్గా వెనక టైరు ముందు ఉంటాడు. తప్పుకునే వ్యవధి ఉండదు. దయచేసి ఎవరూ అలా చేయవద్దు, చేసేవాళ్లను చూస్తూ ఊరుకోవద్దు. బ్యాటరీ బాగోలేదని ఏటిగట్టు వాలున బండి నిలిపి, పొద్దున్నే దొర్లించి స్టార్ట్ చేయడమూ ప్రమాదమే. గట్టు మీద పిల్లలు తిరుగుతారు.

వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునేటప్పుడు పాజిటివ్‌కు పాజిటివ్ కలపండి. నెగటివ్ వైరు రెండో కొసను డౌనైన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఆ బండి ఇంజిన్ బాడీకి కలపండి. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. చిన్న నిప్పురవ్వకు అది పేలుతుంది, యాసిడ్ మొహం మీద పడుతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దే వద్దు. హైవే మీద ఆపిన పెద్ద లారీ నుంచి వైరు లాక్కోవద్దు. పెద్ద లారీలకు ఉండేది 24 వోల్టులు. మన 12 వోల్టుల బండిలో వైరింగు, బల్బులు, ఆల్టర్నేటరు మొత్తం పోవచ్చు.

వరద మాట కూడా చెప్పుకోవాలి. 1986 ఆగస్టులో, 2022 జులైలో గోదారి మన యానాం వీధుల్లోకి వచ్చిన సంగతి పెద్దలకూ పిన్నలకూ గుర్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వరద హెచ్చరిక ఇవ్వగానే బండిని మెరకకు తోలండి. కుదరకపోతే కనీసం బ్యాటరీ ఊడదీసి ఇంట్లో ఎత్తున పెట్టండి. మునిగిన బండికి నీరు తీయగానే కీ తిప్పవద్దు. ఇంజిన్లో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సెల్ఫ్, ఆల్టర్నేటరు ఊడదీయించి, ఒండ్రు కడిగించి, ఆరబెట్టి, బ్రష్‌లు చూసి మళ్లీ బిగించాలి. వైరింగు జాయింట్లు ఒక్కొక్కటీ విప్పి ఆరబెట్టాలి. తడి ఆరింది కదా అని వదిలేస్తే లోపల చిలుము పెరిగి, దాళ్వా మధ్యలో తకరారు బయటపడుతుంది.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా ఈ ప్రసంగం వింటుంటారు. అక్కడ ఇంటి చుట్టూ పచ్చిక పెద్దదైతే కూర్చుని నడిపే కోత బండి కొంటారు. చలికాలమంతా గ్యారేజీలో పడి ఉండి, వసంతం రాగానే అది మొండికేస్తుంది. మన ట్రాక్టరు వేసవిలో పడుకున్నట్టే. మీ అబ్బాయో, అమ్మాయో, అల్లుడో ఫోన్లో అడిగితే ఇవే గుర్తులు చెప్పండి. దాంట్లో అదనంగా రెండు సంగతులు. సీటు కింద ఒక స్విచ్చి, బ్రేకు దగ్గర ఒకటి, కత్తి తిప్పే లివరు దగ్గర ఒకటి ఉంటాయి. కత్తి ఆపి, బ్రేకు తొక్కి, సీటులో సరిగ్గా కూర్చుంటేనే కీ పలుకుతుంది. అది పెట్రోలు ఇంజిన్ కాబట్టి ఈ స్విచ్చిలు నిప్పురవ్వనూ ఆపగలవు. మనిషి దిగిపోతే కత్తి ఆగిపోవాలన్నదే వాటి ఉద్దేశం. వాటినీ తప్పించవద్దని చెప్పండి. చలికాలంలో నెలకోసారి చార్జి పెట్టుకుంటే ఆ బ్యాటరీ చాలాకాలం వస్తుంది.

మళ్లీ ఒకసారి క్లుప్తంగా చెబుతాను. ఏ శబ్దమూ లేకపోతే సన్నదారి చూడండి. లైట్లు పూర్తిగా ఆరితే టెర్మినల్ బిగించండి. టకటకలాడితే శుభ్రం చేసి, చార్జి పెట్టండి. ఒక్క టిక్ అంటే సొలినాయిడ్, బ్రష్‌లు. మూలిగితే కేబులు, ఎర్త్, బ్యాటరీ. ఊరికే గిర్రున తిరిగితే బెండెక్స్. ఇంజిన్ తిరిగినా అంటుకోకపోతే డీజిల్.

రైతు సోదరులారా, డ్రైవరు తమ్ముళ్లారా, దమ్ములకు ఇంకా వ్యవధి ఉండగానే ఒక పూట కేటాయించి మీ బండి టెర్మినళ్లు విప్పి చూడండి. పాత బ్యాటరీని ఇచ్చేసి కొత్తది కొనే ముందు ఒక్క అరగంట మీటరు పట్టుకోండి. మీ జేబులో డబ్బు మీ జేబులోనే ఉండవచ్చు.